నలభై ఏడు నిమిషాల బొమ్మ

విచారణ నివేదికలో అతని పేరు పదకొండు చోట్ల ఉంది. ప్రతిచోటా పేరుకు ముందు ఉద్యోగి నంబరు, పేరు తర్వాత "తన తప్పును స్వయంగా అంగీకరించిన వ్యక్తి" అనే మాట ఉన్నాయి. ఆ నివేదికను టైపు చేయించింది మా విభాగమే కనుక నాకు తెలుసు. అన్నిసార్లు చదివాక ఆ పేరును ఇక్కడ మళ్లీ రాయాలనిపించడం లేదు. అతను పోయిన నెల చనిపోయాడు.

చనిపోయినవాళ్ల గురించి రాసేవాళ్లు వాళ్లను కాస్త మంచివాళ్లను చేసి రాస్తారు. అలాంటివి నేను చాలా చదివాను. ఇతను అంత మంచివాడు కాడు. షిఫ్టు బస్సులో కిటికీ సీటు కోసం ప్రతిరోజూ ఎవరితోనో ఒకరితో గొడవపడేవాడు. అన్నం డబ్బా మూత తెరిచి, అందులోని కూర పక్కవాడికి కనిపించకుండా ఆ మూతనే అడ్డం పెట్టుకుని తినేవాడు. ఎవరు ఏ పని చేసినా బాగుందని అనడం నేను వినలేదు. మహా అయితే "నడుస్తది" అనేవాడు. ప్రతిదానికీ "ఎంతసేపు?" అని అడిగేవాడు. టీ తాగుదాం పద అంటే ఎంతసేపు, మీటింగ్ ఉందంటే ఎంతసేపు, మా మామ చనిపోయాడని నేను సెలవు పెడితే "ఎంతసేపు బాధపడ్డడు సార్, పోయేటప్పుడు?" అని అడిగాడు. మొదట్లో అది నాకు మోటుగా అనిపించేది.

మా కంపెనీ మందుల తయారీకి కావలసిన రసాయనాలు చేస్తుంది. పటాన్‌చెరు దాటి లోపలికి వెళ్లాలి. నేను శిక్షణ విభాగంలో కాగితాలు చూస్తాను. ఏ పని ఏ వరుసలో చేయాలో ఇంగ్లీషులో రాసి, తెలుగులోకి మార్చి, యంత్రం పక్కన గోడకు అంటించడం నా పని. ఇప్పుడు ఆ గోడల ముందు పనిచేసేవాళ్లలో సగం మందికి పైగా ఒడిశా, జార్ఖండ్, బీహార్ నుంచి వచ్చినవాళ్లు. ఒకసారి విదేశీ కొనుగోలుదారుల తరఫున తనిఖీకి వచ్చినాయన గోడ మీది కాగితాన్ని వేలితో చూపించి, అక్కడున్న మనిషిని ఇదేమిటని అడిగాడు. ఆ మనిషి కాగితాన్ని చూసి, తనిఖీదారును చూసి, ఇద్దరికీ కలిపి నమస్కారం పెట్టాడు. ఆ వారమే, మాటలు లేకుండా బొమ్మలతో ఒక శిక్షణ సినిమా ఉండాలని నిర్ణయమైంది.

బయట స్టూడియోకి ఇవ్వడం దండగ, మనవాళ్లే నేర్చుకుని చేస్తారని మేనేజర్ అన్నాడు. రాత వచ్చినవాణ్ణని నన్ను ఎంపిక చేశారు. అతన్ని ఎంపిక చేయడానికి కారణం హెర్నియా ఆపరేషన్. మూడు నెలలు బరువులు ఎత్తకూడదని డాక్టరు రాసిచ్చాడు. ఊరికే కూర్చోబెట్టి జీతం ఎందుకివ్వాలని నాతో పంపారు. అప్పటికి అతనికి యాభై రెండేళ్లు. కొండాపూర్ మండలంలో ఒక పల్లె నుంచి వచ్చేవాడు. ప్లాంటులో పందొమ్మిదేళ్లుగా రియాక్టర్ ఆపరేటర్. రియాక్టర్ అంటే మూతతో ఉండే, రెండు నిలువుల ఎత్తు ఉక్కు పాత్ర. అందులో ద్రావకం పోసి, పైన మూత తెరిచి పొడి పోస్తారు. కంప్యూటర్‌ను అతను అంతవరకూ ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నది టైపు చేయడానికే.

పటాన్‌చెరులో టైర్ల దుకాణం మీద ఒక గదిలో క్లాసు. ఎనిమిది కంప్యూటర్లు, నేర్పడానికి ఒక అమ్మాయి. పాతికేళ్లుంటాయి. హైదరాబాద్‌లో ఏదో స్టూడియోలో పనిచేసి, మానేసి, వెలిమెలలో వాళ్ల అక్క ఇంట్లో ఉంటూ ఇక్కడ పాఠాలు చెప్పేది. అతన్ని అంకుల్ అనేది. అతను ఆమెను మేడం అనేవాడు. మిగతా ఆరుగురూ ఇంటర్ అయిపోయిన పిల్లలు. మొదటి రోజు అతను మౌస్ పట్టుకున్న తీరు చూసి వాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. అరచేయి మొత్తంతో వాల్వ్ చక్రాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బటన్ నొక్కి, మోటారు అందుకుందో లేదో విన్నట్టు తల వంచి, వేలు తీయకుండా అట్లాగే ఉండిపోయాడు. తెరమీది వస్తువులన్నీ దాని వెంట ఈడ్చుకుపోయాయి.

"వేలు తీసేయాలె అంకుల్. నొక్కి వదిలేయాలె."

"వదిలేస్తె ఆగిపోతది గద మేడం."

"ఇది ఆగదు."

"మల్ల దీన్ని ఆపేదెట్ల?" అన్నాడు. పిల్లలు మళ్లీ నవ్వారు. అతను నవ్వలేదు. ఆపడం ఎలాగో తెలియని యంత్రాన్ని నడపనని చెప్పి, ఆ రోజంతా ఆ ఒక్క సంగతే నేర్చుకున్నాడు.

బంతి ఎగరడం మొదటి పాఠం. కింద పడిన బంతి ఎగిరి, మళ్లీ పడి, కొంచెం తక్కువగా ఎగిరి, చివరికి ఆగాలి. నా బంతి గాలి నింపిన బెలూన్‌లా తేలింది. అతని బంతి పైనుంచి పడి, ఒక్కసారి అదిరి, నాలుగు అంగుళాలు దొర్లి ఆగిపోయింది. ఎగరలేదేమని ఆమె అడిగితే, బరువున్నది ఎగరదు మేడం అన్నాడు. ఇది రబ్బరు బంతి అంకుల్ అని ఆమె అంది. రబ్బరు బంతి పడితే ఎవరికీ ఏమీ కాదు, అది నేర్చుకుని మాకేం పని అని అతను అడిగాడు. నిండిన డ్రమ్ము, సగం నిండిన డ్రమ్ము, ఖాళీ డ్రమ్ము పడే తీరులో తేడా ఏమిటో చేత్తో బల్ల మీద కొట్టి చూపించాడు. ఆ అమ్మాయి అది రెండుసార్లు కొట్టించుకుని విని, ఫోన్‌లో రికార్డు చేసుకుంది.

బొమ్మను కదిలించే పద్ధతి ఇది. ఒక క్షణంలో చెయ్యి ఇక్కడుందని గుర్తు పెడతాం. మరో క్షణంలో అక్కడుందని గుర్తు పెడతాం. ఆ రెంటి మధ్య కదలికను కంప్యూటరే నింపుతుంది. నాకు ఇది అర్థం కావడానికి వారం పట్టింది. అతనికి వెంటనే అర్థమైంది.

"రీడింగులన్నట్టు," అన్నాడు నాతో. "పదింటికి టెంపరేచర్ ఇంత. పదిన్నరకు ఇంత. నడుమ ఏమైందో ఎవ్వడు సూడడు. నడుమలది ఈడ కంప్యూటర్ నింపుతది. మా కాడ సూపర్‌వైజర్ నింపుతడు."

ఆ అమ్మాయి నవ్వింది. కానీ మధ్యలో నింపడాన్ని కంప్యూటర్‌కు వదిలేయడానికి అతను ఒప్పుకోలేదు. నడక పాఠం వచ్చినప్పుడు మేమంతా ఎడమ కాలు, కుడి కాలు గుర్తులు పెట్టి మిగతాది దానికే వదిలేశాం. మా బొమ్మల కాళ్లు నేల మీద సన్నగా జారుతున్నాయి. కొత్తవాళ్లందరి పనిలోనూ అంతే, పట్టించుకోకండి అని ఆమె చెప్పింది. అతను పట్టించుకున్నాడు. జారే కాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మండేది. ఒక్కొక్క అడుగునూ కదలికకు కదలిక సరిచేస్తూ నాలుగు ఆదివారాలు కూర్చున్నాడు. చివరికి అతని బొమ్మ నడిచింది. ఆ నడకలో ఏదో తేడా ఉంది. ప్రతి నాలుగో అడుగుకు కాలు కొంచెం ఎత్తి వేస్తోంది. ఏమిటది అని అడిగాను. "పైపులుంటయి గద సార్ కింద," అన్నాడు. నేల మీద పైపు లేదు. మనిషి మాత్రం దాటుతున్నాడు.

మూడు నెలలు నాలుగున్నర నెలలయ్యాయి. అతను బరువులు ఎత్తే స్థితికి వచ్చినా తిరిగి ప్లాంటుకు పంపకుండా మేనేజర్ ఆగాడు, ఎందుకంటే సినిమా కావాలి. అసలు పని అప్పుడు మొదలైంది. రియాక్టర్‌లో పొడి పోసే పద్ధతిని చూపించాలి. పోసే ముందు లోపల ఉన్న గాలిని నైట్రోజన్‌తో వెళ్లగొట్టాలి. వాల్వ్ తెరిచి ఇరవై నిమిషాలు ఆగాలి. గాలి పోకముందే మూత తీసి పొడి పోస్తే, సంచి రాపిడికి పుట్టిన చిన్న నిప్పురవ్వ చాలు, ద్రావకపు ఆవిరి అంటుకుని మూత దగ్గర నిలబడ్డ మనిషి మీదికి మంట లేస్తుంది. అందుకే ఆ ఇరవై నిమిషాలు. తర్వాత ఎర్తింగ్ తీగలు తగిలించి, సరిచూసుకోవడానికి ఐదు నిమిషాలు. పది సంచులు, మెల్లగా, సంచికి రెండు నిమిషాలు. మూత బిగించడానికి రెండు. మొత్తం నలభై ఏడు.

అతను చేసిన సినిమా నలభై ఏడు నిమిషాలుంది.

ఇది కొత్తవాడి పొరపాటు. సినిమాలో కాలం వేరని, గంట పనిని నిమిషంలో చూపిస్తారని అతనికి తట్టలేదు. ఆగడం ఇరవై నిమిషాలైతే, తెర మీద మనిషి ఇరవై నిమిషాలు ఆగాడు. ఊరికే ఆగిన బొమ్మ చచ్చిన బొమ్మలా ఉంటుందని, ఊపిరి, కళ్లు, భుజాలు కదలాలని ఆ అమ్మాయి ముందే నేర్పింది. పది సెకన్ల కదలిక చేసి దాన్నే మళ్లీ మళ్లీ అతికించు అంకుల్ అని సలహా ఇచ్చింది. రెండో నిమిషంలో నిలబడ్డవాడు, పదిహేనో నిమిషంలో నిలబడ్డవాడు ఒక్కటి కాదు అన్నాడు. ఏడు వారాలు ఆ నిలబడడాన్నే చేశాడు.

నేను దాన్ని మొత్తం ఒకసారి చూశాను. బొమ్మ మొరటుగా ఉంది, ముఖంలో ముక్కు కూడా సరిగ్గా లేదు. మొదట నైట్రోజన్ మీటరు వంక చూస్తాడు. తర్వాత అవతలి రియాక్టర్ దగ్గర ఎవరున్నారో చూస్తాడు. మెడ తుడుచుకుంటాడు. బరువును ఒక కాలి మీంచి మరో కాలి మీదికి మార్చుకుంటాడు. ఎనిమిదో నిమిషంలో సూపర్‌వైజర్ గది వైపు చూస్తాడు. ఆ తర్వాత చాలాసేపు అటే చూస్తాడు. పన్నెండో నిమిషంలో చెయ్యి వాల్వ్ దాకా పోతుంది, చక్రం మీద ఆనుతుంది, తిప్పదు, వెనక్కి వస్తుంది. ఆ చెయ్యి అట్లా మూడుసార్లు పోయి వస్తుంది. నేను చాలా పుస్తకాలు చదివాను. ఒక మనిషి తప్పు చేయకుండా ఆగడాన్ని అంత వివరంగా ఎక్కడా చదవలేదు. ఆ మాట అతనితో అనలేదు. "బాగుంది అన్నా," అన్నాను. "నడుస్తది," అన్నాడు.

మేనేజర్ రెండు నిమిషాలు చూసి, ఫోన్ తీసి, మళ్లీ తెర చూసి, ఇది ఆగిపోయిందా అని అడిగాడు. మూడున్నర నిమిషాలు దాటకూడదని చెప్పి వెళ్లాడు.

నేనే కోశాను. కోయడం ఆ అమ్మాయి నాకు నేర్పింది. నిరీక్షణకు ఒక గడియారం బొమ్మ పెట్టాను. ముళ్లు గిర్రున తిరుగుతాయి. రెండు సెకన్లలో ఇరవై నిమిషాలు అయిపోతాయి. అతను నా వెనక నిలబడి చూశాడు.

"ముండ్లు ఎందుకు సార్ అట్ల ఉరుకుతున్నయి?"

చూసేవాళ్లకు అర్థమవుతుందని చెప్పాను. పుస్తకాల్లోనూ అంతే, పదేళ్లు గడిచాయి అని ఒక్క వాక్యంలో రాస్తారు, చదివేవాడు నిజంగా పదేళ్లు కూర్చోడు కదా అన్నాను. ఈ పోలిక నాకు నచ్చింది కూడా.

"పుస్తకం సదివెటోడు వేరే సార్," అన్నాడు. "కొత్తగ పనిల దిగినోడు గడియారం సూడడు. సేతులు సూస్తడు. సేతులు ఎంతసేపు ఆగినయో గదే నేర్సుకుంటడు. మీరు రెండు సెకండ్లు ఆపిండ్రు."

మేనేజర్ చెప్పాడు కదా, నేనేం చేయను అన్నాను. అతను ఇంకో మాట కూడా అన్నాడు. పొడి పోసే పనికి కాగితం మీద కంపెనీ ఇచ్చిన సమయం మొత్తం అర్ధగంట. పని నలభై ఏడు నిమిషాలది. ఈ రెండు లెక్కలూ నేను రాసిన కాగితాల్లోనే, పక్కపక్క పేజీల్లో ఉన్నాయి. నేను ఎప్పుడూ కూడి చూడలేదు. అతను కూడా బొమ్మ చేసేదాకా కూడలేదట. ఇన్నేళ్లూ అందరూ నాలుగైదు నిమిషాలు ఆగి, ఆపరేటర్ నింపే షీట్‌లో ఇరవై అని రాసేవాళ్లు. అది అందరికీ తెలుసు. తెలిసినదాన్ని ఎవరూ లెక్క వేయరు.

సినిమా చివర మా ఇద్దరి పేర్లు వేశారు. ప్రతి సోమవారం కొత్తగా చేరినవాళ్లకు చూపించి, చూశామని సంతకాలు తీసుకునేవాణ్ణి. అతను ప్లాంటుకు వెళ్లిపోయాడు.

ఎనిమిది నెలల తర్వాత, పగటి షిఫ్టులో, ఒడిశా నుంచి వచ్చిన ఒక ఆపరేటర్ మూత తీసి పొడి పోస్తుంటే మంట లేచింది. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లలు. బతికాడు. ముఖం కాలింది, రెండు చేతుల వేళ్లూ అతుక్కుపోయాయి. షీట్ మీద ఇరవై నిమిషాలని అతని చేతిరాతే ఉంది. నైట్రోజన్ మీటరు లెక్కలో నాలుగు నిమిషాలని వచ్చింది. అతను సినిమా చూశానని పెట్టిన సంతకం నా ఫైలులో ఉంది. తప్పు ఆ మనిషిదేనని తేల్చడానికి ఇంకేం కావాలి. అట్లా తేలితే అతనికి కంపెనీ నుంచి రావలసింది ఏదీ రాదు. ఒక లాంఛనం మిగిలింది. సినిమా తయారు చేసిన ఇద్దరినీ విచారణ గదికి పిలిచి, అందులో నైట్రోజన్ సంగతి ఉందని చెప్పించాలి.

మా ఇద్దరిలో ముందు అతన్ని అడిగారు. గదిలో ప్లాంటు పెద్ద, హెచ్‌ఆర్ మేనేజర్, బయటినుంచి వచ్చిన భద్రతా నిపుణుడు ఉన్నారు. నేను గోడ పక్క కుర్చీలో ఉన్నాను. ఫిల్మ్‌లో ఆ స్టెప్ ఉందా అని హెచ్‌ఆర్ మేనేజర్ అడిగాడు. ఉంది సార్ అన్నాడు. సరే, వెళ్లొచ్చు అన్నారు. అతను లేవలేదు.

"ఆ ఫిల్మ్ తప్పు సార్."

"నువ్వే కదయ్యా చేసింది?"

"నేనే జేసిన. తప్పు జేసిన. నేను ముందుగాల జేసింది నలభై ఏడు నిమిషాలుండె. గది కరెక్టు. మీరు సూపెట్టేది మూడున్నర. పని నలభై ఏడు నిమిషాలది, మీరు ఇచ్చేది అర్ధగంట. పదిహేడు నిమిషాలు ఆ మనిషి ఏడికెల్లి తెస్తడు?"

నిపుణుడు ఏదో రాసుకోవడం ఆపాడు. షీట్‌లో ఆ ఆపరేటర్ అబద్ధం రాశాడు కదా, ఆ మాటేమిటని హెచ్‌ఆర్ మేనేజర్ అడిగాడు.

"నేను గూడ రాసిన సార్. పందొమ్మిదేండ్లు రాసిన. నాలుగు నిమిషాలు ఆగిన, ఇరవై అని రాసిన. నాకు అంటుకోలె, ఆయనకు అంటుకున్నది. గంతే ఫరక్."

ప్లాంటు పెద్ద ఆ పందొమ్మిదేళ్ల మాటను మళ్లీ చెప్పించి, రాయించుకున్నాడు. ఆ రాయించుకోవడం ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. అతనికీ అర్థమయ్యే ఉంటుంది. అయినా రెండోసారి ఒక్క మాట మార్చకుండా చెప్పాడు.

తర్వాత నా వంతు. ఫిల్మ్ రాతపూర్వక పద్ధతి ప్రకారమే ఉందా, ఏదైనా స్టెప్ తప్పిపోయిందా అని అడిగారు. "ప్రకారమే ఉంది సార్. ఏదీ తప్పిపోలేదు," అన్నాను. ఆ జవాబులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నైట్రోజన్ ఉంది, గడియారం ఉంది, తీగలున్నాయి, పది సంచులున్నాయి. అతను నా వైపు చూస్తాడేమోనని గోడ మీది క్యాలెండర్ చూస్తూ చెప్పాను. కాగితం మీద రాసిచ్చి సంతకం కూడా పెట్టాను.

ఒడిశా ఆపరేటర్‌ది నిర్లక్ష్యం అని తేలింది. రికార్డుల్లో పందొమ్మిదేళ్లు తప్పుడు సమాచారం రాశానని ఒప్పుకున్నందుకు అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. సినిమా చివర అతని పేరు తొలగించారు. ఆ తొలగించింది కూడా నేనే, ఆ పని ఇంకెవరికీ రాదు.

ఆ తర్వాత ఒకసారే కలిశాడు. గేటు లోపలికి రానివ్వరు కనుక, రోడ్డు అవతల టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఒక కాగితం. నన్ను తిడతాడని ఎదురుచూశాను. నా పిల్లల చదువులు అడిగాడు. తర్వాత కాగితం తీశాడు. ఒడిశా ఆపరేటర్ తరఫున సంగారెడ్డిలో లేబర్ ఆఫీసులో నష్టపరిహారం కోసం కేసు పడింది. దానికి ఒక వాంగ్మూలం. టైర్ల దుకాణం మీది అమ్మాయి టైపు చేసిచ్చింది. మొదట చేసిన సినిమా నలభై ఏడు నిమిషాలదని, కంపెనీ చెబితే మూడున్నరకు కోశారని, ఇంతే. కింద అతని సంతకం ఉంది. పక్కన నా పేరు టైపు చేసి, ఖాళీ వదిలారు.

"మీరు మాట్లాడేది ఏం లేదు సార్. ఒక దస్కత్ పెడ్తె సాలు. నా ఒక్కని మాట నడుస్త లేదు. నన్ను తీసేసిండ్రు గద, పగతోని సెప్తుండని అంటున్నరు."

చదివి ఇస్తానన్నాను.

"గిది సదువుడు ఎంతసేపు సార్?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

రెండు రోజులన్నాను. ఆ కాగితం నా బల్ల సొరుగులో రెండు నెలల పైన ఉంది. అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి పనిలో ఉన్నానన్నాను. రెండోసారి మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. మూడోసారి ఆ అమ్మాయి చేసింది. పొద్దున స్నానానికి నీళ్లు తోడుకుంటూ పడిపోయాడని, సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడని చెప్పింది. మీకు కూడా చెప్పాలనిపించింది సార్ అంది.

మూడో రోజు వాళ్ల ఊరికి వెళ్లాను. అతని భార్య వసారాలో కూర్చుని ఉంది. పక్కన చుట్టాలు బియ్యం ఏరుతున్నారు. నేను ఎవరో చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"పుస్తకాలు సదివే సారు మీరేనా?"

"నేనే అమ్మా."

"మీరు పెడ్తరని సెప్పిండు. ఆ సారు మంచోడు, జెర భయమెక్కువ, గని పెడ్తడు అన్నడు." టీ తాగుతారా అని అడిగింది. తాగకుండా వచ్చాను.

మరుసటి వారం సెలవు పెట్టి లేబర్ ఆఫీసుకు వెళ్లాను. నా సంతకం పెట్టిన కాగితాన్ని, నా కంప్యూటర్‌లో ఉండిపోయిన నలభై ఏడు నిమిషాల సినిమాను ఎక్కించిన పెన్‌డ్రైవ్‌ను బల్ల మీద పెట్టాను. అక్కడి క్లర్కు నడివయసు ఆవిడ. కాగితం చదివి, మొదటి సంతకం చేసినాయన ఏడి అని అడిగింది. చనిపోయాడని చెప్పాను. ఇద్దరిలో ఒకరు లేకపోతే దీని బలం తగ్గుతుంది సార్ అంది. ఒడిశా ఆయన కూడా ఊరికి వెళ్లిపోయాడని, నోటీసు పంపితే తిరిగొచ్చిందని, కేసు నడుస్తుందో లేదో చెప్పలేమని అంది. పెట్టదలచుకుంటే పెట్టండి, కానీ వాంగ్మూలాలు ఇచ్చే గడువు దాటింది కాబట్టి ఇంకో కాగితం నింపాలని ఒక ఫారం ఇచ్చింది. పేరు, చిరునామా, ఉద్యోగం. కింద ఆలస్యానికి కారణం అని ఒక గడి.

నేను కలం పట్టుకుని ఆగిపోవడం ఆమె చూసింది.

"ఏదో ఒకటి రాయుండ్రి సార్. పానం బాగలేదని రాస్తరు అందరు."

భయపడ్డాను అని రాశాను. ఆమె ఫారం తనవైపు తిప్పుకుని చదివింది. నన్ను చూసింది. కోపమేమీ లేదు ఆమె ముఖంలో.

"గిది కారణం కిందికి రాదు సార్. మా సార్ ఒప్పుకోడు," అని ఇంకో ఫారం ఇచ్చింది.

దాంట్లోనూ అదే రాశాను.